గిఫర్డ్ పిన్‌షో అడవిలో బిగ్‌ఫుట్ జాడలు వెతకాలంటే ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి?

వానచినుకు (బాథెల్, వాషింగ్టన్)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఏడాదిగా బిగ్‌ఫుట్, అంటే ఇక్కడి అడవుల్లో తిరుగుతుందని చెప్పుకునే ఒళ్లంతా వెంట్రుకల కోతి మనిషి, తప్ప మరో మాట లేదు. మా అబ్బాయికి పదకొండేళ్లు. లైబ్రరీలో దీని మీద దొరికినవన్నీ చదివేశాడు, ఇప్పుడు అడవికి తీసుకెళ్లమని పట్టుబడుతున్నాడు. నాకూ ఆసక్తే, దాచడం ఎందుకు. సెయింట్ హెలెన్స్ కొండ దగ్గర ఏప్ కాన్యన్‌లో 1924లో గని పనివాళ్ల గుడిసె మీద రాత్రంతా రాళ్లు పడ్డాయనీ, వేసింది కోతి మనుషులేనని వాళ్లు చెప్పారనీ విన్నప్పటి నుంచి ఆ అడవిని వదిలిపెట్టబుద్ధి కావడం లేదు.

అక్టోబరు చివర్లో ఇంకో రెండు కుటుంబాలతో కలిసి లూయిస్ నది పైభాగంలో క్యాంపు వేద్దామనుకుంటున్నాం. వాగుల పక్క ఇసుకలో పాదముద్రలు, చెట్లకు చిక్కిన వెంట్రుకలు, రాత్రి వినిపించే అరుపులు, ఇవన్నీ ఒక పద్ధతి ప్రకారం చూడాలని ఉంది. ట్రాప్ కెమెరా (జంతువు ముందు నుంచి పోతే దానంతటదే ఫొటో తీసేది) కొనాలా? పాదముద్ర కనిపిస్తే అచ్చు ఎలా తీయాలి? ఏ వస్తువులు తీసుకెళ్లాలి? అది ఉందో లేదో నాకు తెలియదు, కానీ వెతికితే సరిగ్గా వెతకాలి అనేది నా కోరిక. ఎవరైనా వెళ్లినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

యురేకా_వెంకట్ (హంబోల్ట్ కౌంటీ, కాలిఫోర్నియా)

మంచి థ్రెడ్. నేను ఉండేది ఈ కథకు పేరు పుట్టిన కౌంటీలోనే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అడవికి వెళ్లేముందు ఈ చరిత్ర తెలిస్తే ఏది చూసి పొంగిపోకూడదో తెలుస్తుంది.

1958లో ఇక్కడ బ్లఫ్ క్రీక్ దగ్గర కలప కోసం కొత్త రోడ్డు వేస్తుంటే, బుల్డోజర్ నడిపే జెర్రీ క్రూ అనే ఆయనకు బండి చుట్టూ మట్టిలో 16 అంగుళాల పాదముద్రలు కనిపించాయి. ఆయన ప్లాస్టర్‌తో అచ్చు తీసి ఊళ్లోకి తెచ్చాడు, హంబోల్ట్ టైమ్స్ పత్రిక ఫొటో వేసింది, బిగ్‌ఫుట్ అనే పేరు దేశమంతా పాకింది. ఆ రోడ్డు కాంట్రాక్టర్ రే వాలెస్ 2002లో చనిపోయాక ఆయన కుటుంబం వాళ్లు చెక్కతో చేసిన పెద్ద పాదాలు బయటికి తీసి, ఆ గుర్తులు వేసింది ఆయనేనని చెప్పారు. చెక్క పాదాలకూ అచ్చులకూ కొలతలు కుదరవని నమ్మేవాళ్లు ఇప్పటికీ వాదిస్తారు. నా మటుకు నేను ఆ రోడ్డు గుర్తులను లెక్కలోంచి తీసేశాను.

కానీ 1967 అక్టోబరు 20న అదే బ్లఫ్ క్రీక్‌లో రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ తీసిన ఫిల్మ్ సంగతి వేరు. నిమిషం కూడా లేని ఫిల్మ్ అది. ఒళ్లంతా వెంట్రుకలున్న ఆకారం వాగు ఒడ్డున ఇసుకలో నడిచిపోతూ, 352వ ఫ్రేములో వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ వేషం వేసుకుంది నేనేనని ఒకాయన, ఆ సూట్ అమ్మింది నేనేనని ఇంకొకాయన చాలా ఏళ్ల తర్వాత చెప్పారు, అయితే ఆ సూట్‌ను తెచ్చి చూపించినవాళ్లు లేరు. కెమెరా సెకనుకు ఎన్ని ఫ్రేములు తీసేలా పెట్టి ఉందో ఖాయంగా తేలలేదు, అది తేలకపోతే నడక వేగం తేలదు, అందుకే ఇన్నేళ్లయినా ఆ నడక మనిషిదా కాదా అన్న తగువు నడుస్తూనే ఉంది. నేను ఆ ఫిల్మ్ దగ్గరే ఆగిపోయాను, నిజం అని చెప్పలేను, పక్కన పడేయనూ లేను.

ఇంకో సంగతి. ఆ వాగులో అంత విశాలమైన ఇసుకమేట ఉండటానికి కారణం 1964 డిసెంబరు వరద. చెట్లూ చేమా కొట్టుకుపోయి ఒడ్డంతా బోసిగా ఉండబట్టే అంత దూరం నుంచి ఫిల్మ్ తీయగలిగారు. తర్వాత అక్కడ చెట్లు మళ్లీ మొలిచి ఆ చోటు ఎక్కడో కూడా చాలా ఏళ్లు తెలియకుండా పోయింది. మీరు వెతికేది కూడా ఇలాంటి చోటే అయి ఉండాలి. దట్టమైన అడవి లోపల నాచు, ఎండుసూదుల మీద ఏనుగు నడిచినా ముద్ర పడదు. వరద తర్వాత మిగిలిన ఇసుక, చెరువు గట్టు బురద, ఎండిన గుంటలు, వాడకం లేని లాగింగ్ రోడ్ల పక్క మెత్తటి దుమ్ము, వీటిని పట్టుకోండి.

నల్లమల_నీడ (ఆత్మకూరు)

నమస్తే అండీ. నేను అమెరికా అడవి చూడలేదు, నాకు బిగ్‌ఫుట్ గురించి పెద్దగా తెలియదు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో సర్వే పనులు చేసినవాణ్ని కాబట్టి, కనిపించని జంతువును జాడలతో పట్టుకోవడం గురించి మాత్రం చెప్పగలను.

మొదటి మాట: మీరు అక్కడ అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఎలుగుబంటి అడుగును చదవడం. వాషింగ్టన్‌లో నల్ల ఎలుగులు దండిగా ఉన్నాయి. ఎలుగు వెనక పాదం మనిషి పాదంలాగే మడమతో సహా నేలకు ఆనుతుంది. అయిదు వేళ్లుంటాయి. కానీ మనిషికి పెద్ద వేలు లోపలి వైపుంటే, ఎలుగుకు పెద్ద వేలు బయటి వైపు ఉంటుంది. వేళ్ల ముందు గోళ్ల గుచ్చులు పడొచ్చు, గట్టి నేల మీద అవి కనబడకపోవచ్చు కూడా. అది నిదానంగా నడిచేటప్పుడు ముందు పాదం పడ్డ చోటే వెనక పాదం కొంచెం తప్పించి వేస్తే, రెండూ కలిసి ఒకే పొడుగాటి పాదంలా తయారవుతాయి. పన్నెండు, పద్నాలుగు అంగుళాల వింత పాదం అని చూపించేవాటిలో ఇలాంటి జంట ముద్రలు చాలా ఉంటాయి. కాబట్టి ఒక్క ముద్ర దగ్గర కూర్చోకండి. ముందుకూ వెనక్కూ వెళ్లి వరుస మొత్తం చూడండి, వరుసలో ఎక్కడో ఒకచోట ఆ రెండు పాదాలు విడిపోయి కనిపిస్తాయి.

మంచులో అయితే ఇంకో తంటా. ఎండ తగిలితే ముద్ర అంచులు కరిగి నక్క అడుగు కూడా పెద్దదైపోతుంది.

ముద్ర ఎప్పటిదో చెప్పడం మా చెంచు ట్రాకర్ల దగ్గర చూసి నేర్చుకున్నాను. అంచు ఇంకా నిక్కి ఉందా, రాలిందా? ముద్ర మీద మంచు చుక్కలు పడ్డ గుర్తులున్నాయా? రాత్రిపూట తిరిగే పురుగుల గీతలు ముద్ర మీదుగా పోతే, ఆ జంతువు పురుగుల కంటే ముందే వెళ్లింది అన్నమాట. తొక్కుడు పడ్డ ఆకు వాడిందా, పచ్చిగా ఉందా? వాళ్లు నిలబడి ఒక్క చూపులో చెప్పేది నాకు కూర్చుని చూసినా సగమే తెలిసేది.

ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి, కెమెరా నిట్టనిలువుగా పైనుంచి పట్టుకుని తీయాలి. ఏటవాలుగా తీస్తే కొలత పనికిరాదు. తర్వాత పొద్దున గానీ సాయంత్రం గానీ వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు ఇంకొకటి తీయండి, లోతు తెలుస్తుంది. పొడవు, మడమ వెడల్పు, వేళ్ల దగ్గర వెడల్పు, అడుగుకూ అడుగుకూ మధ్య దూరం రాసుకోవాలి. చెప్పులు వేసుకున్న మీ అడుగు పక్కనే వేసి ఫొటో తీస్తే నేల ఎంత మెత్తగా ఉందో అర్థమవుతుంది.

పోర్ట్‌లాండ్_పద్మ (ఒరెగాన్)

వానచినుకు గారూ, అందరూ జాడల గురించి చెబుతున్నారు, నేను మీ ప్రయాణం గురించి చెప్పాలి. 2024 డిసెంబరులో మా పోర్ట్‌లాండ్ నుంచి ఇద్దరు మగవాళ్లు, ఒకాయనకు 59, ఇంకొకాయనకు 37 ఏళ్లు, సాస్‌క్వాచ్‌ను (బిగ్‌ఫుట్‌కే ఇంకో పేరు) వెతుకుతామని మీరు చెబుతున్న ఈ గిఫర్డ్ పిన్‌షో అడవికే వెళ్లారు. క్రిస్మస్‌కు ఇంటికి రాలేదు. వలంటీర్లు, స్కమేనియా కౌంటీ షెరిఫ్ సిబ్బంది గడ్డకట్టే చలిలో, మంచులో మూడు రోజులు వెతికితే ఇద్దరి శవాలే దొరికాయి. చలికి తట్టుకునే బట్టలూ సామానూ సరిగ్గా లేక చనిపోయారని అధికారులు చెప్పారు. ఏ జంతువూ వాళ్లను ఏమీ చేయలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే మా ఇంట్లోవాళ్లు కూడా అలాగే ఒక జాకెట్ వేసుకుని బయల్దేరే రకం.

అక్టోబరు చివర అంటే ఆ కొండల్లో వాన ఆగదు. తడిసి, గాలి తగిలితే టెంపరేచర్ సున్నా దాకా పోనక్కర్లేదు, పది డిగ్రీల్లోనే ఒళ్లు చల్లబడిపోతుంది. పిల్లలకు ఇంకా త్వరగా. జీన్స్, కాటన్ చొక్కాలు ఇంట్లో వదిలేయండి. ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకుని, పైన వాన జాకెట్. ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ మెసేజ్ పరికరం ఒకటి అద్దెకైనా తెచ్చుకోండి. ఏ రోడ్డులో వెళ్తున్నారో, ఎన్ని గంటలకల్లా తిరిగొస్తారో ఊళ్లో ఒకరికి రాసి ఇచ్చి, ఆ టైముకు రాకపోతే షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేయమని చెప్పండి. ఎలుగు మీదికొస్తే కొట్టే బేర్ స్ప్రే కొనడం కాదు, తీసి వాడటం ఇంటి దగ్గర ప్రాక్టీసు చేయాలి, బ్యాగు అడుగున ఉంటే ఉపయోగం లేదు.

ఇంకోటి, అక్టోబరులో జింకల వేట సీజన్ నడుస్తుంది. పొదల్లో వంగి వంగి జాడలు వెతికే పిల్లాడికి ముదురు నారింజ రంగు చొక్కా లేకుండా పంపకండి. నన్నడిగితే ప్రోగ్రామ్‌ను ఆగస్టు చివరికో సెప్టెంబరు మొదటికో మార్చుకోండి.

వానచినుకు

పద్మ గారూ, చాలా థాంక్స్. ఆ ఇద్దరి సంగతి నాకు తెలియదు, రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. సెప్టెంబరు మొదటి వారానికి మార్చేస్తున్నాం, మిగతా రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి.

నల్లమల_నీడ గారూ, మీ పోస్టు ప్రింట్ తీసి మావాడికి ఇచ్చాను. కాళ్లతో ఎలుగు నడక ప్రాక్టీసు చేస్తున్నాడు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. వెంట్రుకలు దొరికితే డీఎన్‌ఏ పరీక్ష ఎవరైనా చేస్తారా? దానికోసం ఎలా దాచాలి?

చిన్న_పిపెట్ (హైదరాబాద్)

ఇది నా సబ్జెక్టు, కాబట్టి ఉత్సాహంగా రాస్తున్నాను.

వెంట్రుకను చేత్తో ముట్టుకోకండి. గ్లవ్స్ వేసుకుని, శుభ్రమైన పట్టకారుతో తీసి కాగితం కవరులో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. కుదుళ్లు ఉన్న వెంట్రుక బంగారం, కుదురు లేకపోతే మైటోకాండ్రియా డీఎన్‌ఏ వరకే వస్తుంది, అయితే అది ఏ జాతిదో చెప్పడానికి చాలాసార్లు అదే సరిపోతుంది. కవరు మీద తేదీ, చోటు, నేల నుంచి ఎంత ఎత్తులో దొరికింది, ఎవరు తీశారు అన్నీ రాయండి. తీసినవాళ్ల బుగ్గ నుంచి కూడా ఒక శాంపిల్ ఉంటే మంచిది, ఎందుకంటే "మనిషి లాంటి గుర్తు తెలియని డీఎన్‌ఏ" అని వచ్చేది చాలావరకు తీసినవాడిదే అయి ఉంటుంది.

మన హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ల లాకోన్స్ అనే వన్యప్రాణి ల్యాబ్ ఇలాంటి పనే చేస్తుంది. వేటగాళ్ల దగ్గర పట్టుబడ్డ మాంసం, చర్మం, ఎముక ఏ జంతువుదో డీఎన్‌ఏతో తేల్చి కోర్టుకు చెబుతుంది. అడవి జంతువు ఏదైనా సరే ఒకే జత ప్రైమర్లతో (పరీక్షకు కావలసిన డీఎన్‌ఏ భాగాన్ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) గుర్తించే పద్ధతిని అక్కడే లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ తయారు చేశారు. అంటే తెలియని వెంట్రుక ఏదో తేల్చడం ఇప్పుడు మామూలు పని.

బిగ్‌ఫుట్ వెంట్రుకలకు ఆ పరీక్ష జరగలేదని కాదు. 1976లో పీటర్ బర్న్ అనే ఆయన చిన్న చర్మం ముక్కకు అంటుకున్న 15 వెంట్రుకలను ఎఫ్‌బీఐకి పంపితే, వాళ్లు మైక్రోస్కోపు కింద చూసి జింక జాతివని తేల్చారు. ఆ ఫైలును 2019లో బయటపెట్టారు. 2014లో ఆక్స్‌ఫర్డ్ జన్యు శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ ప్రపంచం నలుమూలల నుంచి యతి, బిగ్‌ఫుట్ వెంట్రుకలు తెప్పించి 30 శాంపిళ్ల డీఎన్‌ఏ చదివితే ఎలుగు, ఆవు, గుర్రం, కుక్క, రకూన్, ముళ్లపంది ఇలా వచ్చాయి, ఒకటి మనిషిది. 2017లో షార్లెట్ లిండ్‌క్విస్ట్ బృందం యతివని చెప్పిన తొమ్మిది శాంపిళ్లు చూస్తే ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది. కానీ ఆ పని వల్ల హిమాలయ ఎలుగుల వంశ చరిత్ర గురించి కొత్త విషయాలు తెలిశాయి. మీరు తెచ్చే వెంట్రుక కూడా అలా ఎవరికైనా పనికిరావచ్చు.

గుబురుచెట్టు (టకోమా)

అందరూ కలిసి ఎలుగుబంటి అని తేల్చేసేలా ఉన్నారు. నేను నమ్మేవాణ్ని, సూటిగానే చెబుతున్నాను. గిఫర్డ్ పిన్‌షో ఒక్కటే దాదాపు 13 లక్షల ఎకరాలు. దానికి ఆనుకుని రైనియర్ పార్కు, యాకిమా అడవులు, నదికి అటువైపు ఒరెగాన్ అడవులు. చాలా చోట్లకు ఏడాది పొడుగునా ఒక్క మనిషి కూడా పోడు. వుల్వరీన్ అనే చిన్న ఎలుగులా కనిపించే మాంసాహార జంతువు సంగతే చూడండి, రైనియర్ పార్కులో వందేళ్లకు పైగా పిల్లల తల్లి కనబడలేదు, 2020లో పిల్లలతో సహా కనబడింది. అంతవరకు లేదనే కదా అన్నారు?

ఈ ప్రాంతపు వేటగాళ్లు, లాగింగ్ పనివాళ్లు అబద్ధాలాడే మనుషులు కారు. నాతో పనిచేసే పెద్దాయన ఒకరు ముప్పై ఏళ్లుగా ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు పోతాడు, ఎలుగు అంటే ఏంటో ఆయనకు తెలియదా? రోడ్డు దాటుతూ రెండు కాళ్ల మీద నడిచిపోయిన దాన్ని చూశానని చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికింది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను.

నల్లమల_నీడ

గుబురుచెట్టు అన్నా, ఆ పెద్దాయన మాటను నేనూ తేలిగ్గా తీసుకోను. చూసింది చెప్పాడు, భయపడ్డాడు, అంతవరకు నమ్ముతాను. ఏం చూశాడు అన్నదే ప్రశ్న. ఎలుగు వాసన పట్టడానికి, దూరం చూడటానికి వెనక కాళ్ల మీద నిలబడుతుంది, అప్పుడప్పుడు నాలుగడుగులు వేస్తుంది. మీ నల్ల ఎలుగుల్లో గోధుమ రంగువీ ఉంటాయి. గజ్జి పట్టి వెంట్రుక ఊడిపోయిన ఎలుగును నేను మా దగ్గరే చూశాను, ముప్పై అడుగుల్లో ఉన్నా పోల్చుకోవడం కష్టమైంది. ఎలుగులు ఎక్కువున్న రాష్ట్రాల్లోనే బిగ్‌ఫుట్ చూశామనే మాటలూ ఎక్కువ అని 2024లో జర్నల్ ఆఫ్ జువాలజీలో ఒక పేపరు వచ్చింది, అడవుల విస్తీర్ణం, జనాభా లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా.

వుల్వరీన్ ఉదాహరణ మీరే తెచ్చారు కాబట్టి అంటున్నాను. అది దొరికింది దేనివల్ల? ఆ పార్కులో పెట్టిన కెమెరాల వల్ల. చాలా అరుదైనది, ఒంటరిది, మంచుకొండల్లో తిరిగేది, అయినా కెమెరాకు పడింది. మన దగ్గర 2018 పులుల లెక్కింపులో దేశమంతా 26,838 చోట్ల ట్రాప్ కెమెరాలు పెడితే మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. చారలు పోల్చి చూస్తే పిల్లలు కాకుండా 2,461 పులులు విడివిడిగా తేలాయి. పులి ఎంత జాగ్రత్తగా తిరుగుతుందో మాకు తెలుసు, బీట్ ఆఫీసర్లు ఏళ్ల తరబడి పనిచేసినా కళ్లతో చూడనివాళ్లున్నారు. కానీ కెమెరాకు పడుతుంది, పేడ వేస్తుంది, చెట్టు గీకుతుంది, చస్తే ఎముకలు మిగులుతాయి. వెయ్యి పౌండ్ల జంతువు కూడా ఇవన్నీ చేయాలి కదా.

గుబురుచెట్టు

పులి సంగతి సరే. ఇది మనిషికి దగ్గరగా తెలివి ఉన్నదైతే? కెమెరా నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వెలుగును కొన్ని జంతువులు చూస్తాయి, మోటారు శబ్దాన్ని వింటాయి, మనిషి వాసన కనిపెడతాయి. ఎముకల విషయానికొస్తే, చచ్చిపోయిన ఎలుగు అడవిలో ఎంతమందికి దొరికింది? ఆ తేమలో, ఆ ఆమ్ల నేలలో అన్నీ తొందరగా పోతాయి. నేను వదులుకోను.

అయినా మీరన్న పద్ధతి నాకు నచ్చింది. ఎలుగు కాదని ముందు తేల్చుకున్న తర్వాతే నోరు తెరవాలి, దానికి ఒప్పుకుంటాను.

యురేకా_వెంకట్

అచ్చుల గురించి ఒక్కమాట చెప్పాలి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఆంత్రపాలజిస్ట్ గ్రోవర్ క్రాంజ్, ఆ తర్వాత ఐడహో స్టేట్‌లో జెఫ్ మెల్డ్రమ్, ఇద్దరూ ఉద్యోగంలో ఉంటూనే తోటి ప్రొఫెసర్ల విమర్శ తట్టుకుని ఈ పాదముద్రల మీద పనిచేశారు. ఆ ధైర్యానికి నాకు గౌరవం ఉంది. కొన్ని అచ్చుల్లో వేలిముద్రల్లాంటి సన్నటి గీతలున్నాయని, అవి నకిలీ చేయలేరని క్రాంజ్ వాదించారు. కానీ తర్వాత మెత్తటి పొడి మట్టిలో ప్లాస్టర్ పోసి పరీక్షించినవాళ్లకు, నీళ్లు మట్టిలోకి ఇంకిపోయేటప్పుడు అలాంటి గీతలు వాటంతటవే వచ్చాయి. కాబట్టి మీ అచ్చులో గీతలు కనిపిస్తే వెంటనే పేపరుకు ఫోన్ చేయకండి, అదే మట్టిలో పక్కన మీ బూటు ముద్ర మీద కూడా ప్లాస్టర్ పోసి చూడండి.

స్కూకమ్ అచ్చు మీ అడవిలోదే. 2000 సెప్టెంబరులో గిఫర్డ్ పిన్‌షోలోని స్కూకమ్ మెడోస్‌లో పళ్లు ఎరగా పెడితే పొద్దున బురదలో పెద్ద ఆకారం పక్కకు ఒరిగి కూర్చున్నట్టు గుర్తు దొరికింది, రెండు వందల పౌండ్లకు పైగా ప్లాస్టర్ పట్టింది. అది ఎల్క్ పడుకుని లేచిన గుర్తేనని చూసిన నిపుణులు చాలామంది అంటారు. ఎల్క్ ఎలా పడుకుంటుంది, లేచేటప్పుడు మోకాలు ఎక్కడ ఆనుతుంది అనేది ముందే ఒకసారి చూసి ఉంటే మీకు ఇలాంటి తికమక రాదు. సెప్టెంబరులో వెళ్తున్నారు కదా, ఎల్క్ మగవి అప్పుడే పిలుస్తాయి, ఆ పిలుపు మొదటిసారి విన్నవాడికి ఒళ్లు జలదరిస్తుంది. బార్డ్ గుడ్లగూబలు రెండు కలిసి అరిస్తే కోతుల గుంపు అనుకుంటారు. పిట్టల కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

అచ్చుకు మామూలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కంటే దంతవైద్యులు వాడే డెంటల్ స్టోన్ గట్టిగా ఉంటుంది. దోసె పిండిలా జారేంత చిక్కగా కలిపి, ముద్ర మీద నేరుగా కుమ్మరించకుండా పక్క నేల మీద పోసి లోపలికి పారనివ్వండి. అరగంట పైనే కదపకండి, ఇంటికి వెళ్లాక రెండు మూడు రోజులు ఆరనిచ్చి కడగండి.

రాత్రిబస్సు (డాలస్)

బిగ్‌ఫుట్ లేదు, యతి లేదు. 2019లో ఇండియన్ ఆర్మీ కూడా నేపాల్‌లో మకాలు కొండ బేస్ క్యాంపు దగ్గర 32 అంగుళాల యతి అడుగులని ట్వీట్ చేసి మాటలు పడింది. పిల్లాడికి సైన్స్ నేర్పండి సార్, టైం వేస్ట్.

పోర్ట్‌లాండ్_పద్మ

రాత్రిబస్సు గారూ, పై పోస్టులన్నీ ఒకసారి చదవండి. కొలవడం, రాసుకోవడం, తన సొంత డీఎన్‌ఏ కలిసిందేమో చూసుకోవడం, ఎలుగు కాదని ముందు నిరూపించుకోవడం, ఇది సైన్స్ కాక ఇంకేంటి? వీడియో గేమ్ పక్కన పెట్టి వాగు ఒడ్డున మోకాళ్ల మీద కూర్చునే పిల్లాడు ఏ ఇంట్లో ఉన్నా నాకు సంతోషమే.

ఫ్రేజర్_తీరం (బ్రిటిష్ కొలంబియా)

నేను హారిసన్ హాట్ స్ప్రింగ్స్‌కు దగ్గర్లో ఉంటాను. ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. సాస్‌క్వాచ్ 1958లో పుట్టలేదు. ఇక్కడి ఆదివాసులైన స్తయిల్స్ జాతివాళ్లకు అది తమ నేలను కాపాడే జీవి, వాళ్ల జెండా మీద కూడా దాని బొమ్మ ఉంటుంది. 1920ల్లో వాళ్ల బడిలో పంతులుగా పనిచేసిన జె. డబ్ల్యూ. బర్న్స్ వాళ్ల నోట విన్నవి పత్రికల్లో రాస్తేనే బయటివాళ్లకు తెలిసింది. కాలిఫోర్నియాలో టూల్ రివర్ రిజర్వేషన్‌లో (ఆదివాసులకు కేటాయించిన నేల) రాతి మీద వెంట్రుకల మనిషి, అతని కుటుంబం బొమ్మలు వందల ఏళ్ల నాటివి ఉన్నాయి. వాళ్లలో చాలామందికి ఇది పట్టుకోవాల్సిన, పరీక్షించాల్సిన జంతువు కాదు. మన గ్రామదేవత గుడి దగ్గరికి ఎవరో వచ్చి కొలత టేపు పట్టుకుని తవ్వుతామంటే మనకు ఎలా ఉంటుంది?

అందుకని ఎక్కడ జాతివాళ్ల నేల మొదలవుతుందో మ్యాప్‌లో చూసుకోండి, అడగకుండా అడుగు పెట్టకండి. సెప్టెంబరు మొదటి వారం అంటే గిఫర్డ్ పిన్‌షోలో సాటూత్ బెర్రీ ఫీల్డ్స్‌లో హకుల్‌బెర్రీలనే చిన్న అడవి పళ్లు పండి ఉంటాయి. ఎలుగులూ అక్కడే ఉంటాయి, జాడలు నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ 1932లో కుదిరిన ఒప్పందం ప్రకారం అందులో ఒక భాగం యాకమా ఆదివాసులకే ప్రత్యేకించింది, బోర్డులు ఉంటాయి. ఆ వైపు పళ్లు కోయకండి.

తుపాకీ ఉన్నవాళ్లెవరైనా వెంట వస్తామంటే వద్దనండి. స్కమేనియా కౌంటీలో 1969 నుంచి సాస్‌క్వాచ్‌ను చంపడం నేరం. 10,000 డాలర్ల జరిమానా, అయిదేళ్ల జైలు అని అప్పుడు రాశారు, 1984లో శిక్ష తగ్గించి కౌంటీ మొత్తాన్ని దానికి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. నమ్మినా నమ్మకపోయినా ఆ చట్టం వెనక ఒక మంచి ఆలోచన ఉంది, పొదలో కదిలింది ఏదో సరిగ్గా తెలియకుండా ఎవరూ కాల్చకూడదు. 1974లో దక్షిణ ఒరెగాన్‌లో ఆపిల్‌గేట్ సరస్సు దగ్గర బిగ్‌ఫుట్ కోసం ఇనుప తలుపుతో పెద్ద బోను కట్టారు. ఎలుగులు పడ్డాయి తప్ప ఇంకేం పడలేదు. ఇప్పటికీ ఆ బోను అక్కడే ఉంది, నడిచి వెళ్లి చూడొచ్చు.

వానచినుకు

ఫ్రేజర్_తీరం గారూ, ఇవన్నీ మావాడికి చెప్పాలి, బెర్రీ ఫీల్డ్స్ సంగతి ముఖ్యంగా. గుడి దగ్గర టేపు పట్టుకోవడం అన్న మాట చదివాక మేం అనుకున్న పద్ధతి కాస్త మారింది. వెంట్రుకలూ ముద్రలూ నేషనల్ ఫారెస్ట్ హద్దులోనే చూస్తాం.

రెండు కెమెరాలు కొన్నాను. రాండిల్ రేంజర్ స్టేషన్‌కు ఫోన్ చేసి ఎక్కడ పెట్టొచ్చో, ఎన్నాళ్లు వదలొచ్చో అడుగుతాను. నల్లమల_నీడ గారూ, కెమెరా ఎంత ఎత్తులో కట్టాలి? మావాడు ఏడడుగుల ఎత్తున కట్టాలంటున్నాడు, మొహం పడాలంట.

నల్లమల_నీడ

ఒకటి వాడు చెప్పినట్టే కట్టండి, వాడి ఆలోచనలో తప్పు లేదు. రెండోది మోకాలి ఎత్తులో, దారికి నాలుగైదు అడుగుల పక్కన. పులికి మేం కట్టేది ఆ ఎత్తులోనే, దారికి రెండు వైపులా రెండు, ఎందుకంటే కుడి చారలూ ఎడమ చారలూ వేరు. మీకు ఎలుగు, ఎల్క్, బాబ్‌క్యాట్ (ఒక రకం అడవి పిల్లి), అదృష్టం ఉంటే కూగర్ (కొండ సింహం) దానిలోనే పడతాయి. కెమెరా ముందు గడ్డి, ఊగే కొమ్మలు తీసేయండి, లేకపోతే గాలికి కార్డంతా ఆకుల ఫొటోలతో నిండిపోతుంది. సూర్యుడికి ఎదురుగా పెట్టకండి. తేదీ, టైము సరిచేసుకోండి. కట్టాక పిల్లాణ్ని నాలుగు కాళ్ల మీద కెమెరా ముందు నుంచి పాకించి, ఫొటో పడిందో లేదో చూసుకుని అప్పుడు వదిలి రండి.

గుబురుచెట్టు

వానచినుకు గారూ, నేను టకోమా నుంచి వస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే. లూయిస్ నది పక్క రోడ్లు నాకు తెలుసు, ట్రక్కులో ఎక్స్‌ట్రా టైరు, చెట్టు అడ్డం పడితే కోయడానికి రంపం ఉంటాయి. తుపాకీ తేను. డెంటల్ స్టోన్ పది పౌండ్లు నా దగ్గర ఉంది.

వానచినుకు

తప్పకుండా రండి అన్నా. పర్సనల్ మెసేజ్‌లో నంబరు పంపుతున్నాను. పెట్రోల్ అడవి రోడ్డు ఎక్కకముందే నింపుకుందాం, శుక్రవారం మధ్యాహ్నం కూగర్ ఊళ్లో కలుద్దాం.